అరోవానా కొనే ముందు వెడల్పు కొలవండి

వెండి అరోవానాకి ఎంత ట్యాంకు కావాలని అడిగితే మన షాపుల్లో జవాబు ఎప్పుడూ పొడవు లెక్కలోనే వస్తుంది. "ఇప్పటికి నాలుగడుగులు చాలు సార్, పెరిగాక ఆరడుగులకి మార్చుకుందురు" అంటారు. ఆ లెక్కే తప్పని నా వాదన. ఈ చేపకి అసలు చూడాల్సింది వెడల్పు, అంటే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఉండే దూరం. ఆ దూరం మూడడుగులు ఇవ్వగలిగిన ఇంట్లోనే అరోవానా పెట్టాలి. రెండడుగుల వెడల్పుతో పది అడుగుల పొడవు కట్టించినా దానికి సుఖం లేదు.

ఇది అమెజాన్ చేప. అక్కడ వరద నీళ్లు అడవిలోకి ఎక్కినప్పుడు చెట్ల మధ్య నీటి పైపొరలోనే తిరుగుతూ, కొమ్మల మీద వాలిన పురుగుల్ని నీళ్లలోంచి ఎగిరి పట్టుకుంటుంది. నదిలో 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇంటి ట్యాంకుల్లో సరిగ్గా పెంచితే 60 నుంచి 75 దగ్గర ఆగుతుంది. షాపులో అయిదంగుళాల పిల్లగా కొన్నది, మొదటి నెలల్లో నెలకి రెండంగుళాల చొప్పున సాగి, ఏడాది తిరిగేసరికి అడుగున్నర నుంచి రెండడుగులవుతుంది. పైపొర వదిలి కిందికి పెద్దగా దిగదు కాబట్టి ట్యాంకు లోతు దానికి పెద్దగా ఉపయోగపడదు. ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు. రోజంతా అదే పని. రెండడుగుల రెండంగుళాల చేప అడుగున్నర వెడల్పులో తిరగాలంటే ప్రతిసారీ ఒళ్లు వంచాలి, మూతి ఒక అద్దానికి తగలాలి, తోక రెండో అద్దానికి రాసుకోవాలి. దగ్గర నిలబడి పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది: మలుపు దగ్గర మీసాలు అద్దాన్ని తాకుతాయి, కింది దవడ కొస గీరుకుంటుంది, తోక అంచు మడత పడుతుంది. ఇలా రోజుకి కొన్ని వందల సార్లు జరుగుతుంది. మీసాలు విరగడం, దవడ ముందుకి పొడుచుకు రావడం, వెన్ను వంకర తిరగడం, ఇవన్నీ ఇరుకు ట్యాంకుల్లో పెరిగిన అరోవానాల్లో కనిపించేవే.

ట్యాంకు సైజుని బట్టి చేప ఆగిపోతుందనే మాట కూడా ఇక్కడే పక్కన పెట్టేయాలి. చిన్న ట్యాంకులో ఆగేది ఆరోగ్యం. మురికి పేరుకున్న నీళ్లలో ఎదుగుదల మందగిస్తుంది, మొప్పల మూతలు వంకరపోతాయి, ఇరవై ఏళ్లు బతకగలిగిన చేప నాలుగైదేళ్లకే పోతుంది. దాన్ని చూసి చిన్న ట్యాంకులో సర్దుకుపోయిందనడం అన్యాయం.

కాబట్టి నేను చెప్పే కొలత: 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. డబ్బో చోటో చాలకపోతే పొడవు 6 అడుగులకి తగ్గించండి, ఎత్తు రెండడుగులకి తగ్గించండి. వెడల్పు మాత్రం ముట్టుకోవద్దు. చేప చిన్నగా ఉన్నప్పుడు చిన్న ట్యాంకుతో మొదలుపెట్టి తర్వాత మారుద్దామనుకునేవాళ్లకి ఒక్క మాట: ఆ "తర్వాత" ఎనిమిది నెలల్లోనే వస్తుంది. ఈలోపు నాలుగడుగుల ట్యాంకుకి పెట్టిన డబ్బు, దాని స్టాండు, దాని ఫిల్టరు, అన్నీ దండగే.

స్లాబు మోస్తుందా?

పై కొలతల్లో, పైన ఆరంగుళాలు ఖాళీ వదిలి రెండడుగుల మేర నీళ్లు నింపితే 48 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,360 లీటర్లు. నీళ్ల బరువే 1,360 కేజీలు. 15 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 37.5 కేజీల చొప్పున సుమారు 275 కేజీలు. ఇనుప స్టాండు, కింద ఫిల్టరు ట్యాంకు, దాంట్లో నీళ్లు కలిపితే మొత్తం రెండు టన్నులకి అటూ ఇటూ తేలుతుంది. అంటే ఒక మంచం పట్టే జాగాలో దాదాపు ముప్పై మంది పెద్దవాళ్లు కదలకుండా ఏళ్ల తరబడి నిలబడినట్టు. చదరపు మీటరుకి దాదాపు 900 కేజీలు. మన దగ్గర ఇళ్ల గదులకి ఐఎస్ 875 (కట్టడాల బరువుల మీద భారతీయ ప్రమాణం) ప్రకారం డిజైన్ చేసే లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే 200 కేజీల చిల్లర. ఆ లెక్క గది మొత్తం మీద పరిచిన బరువుకి కాబట్టి ఒక మూల ఎక్కువైనంత మాత్రాన స్లాబు కూలిపోదు. కానీ స్లాబు నడిమధ్యలో పెడితే కొన్ని నెలలకి సన్నగా వంగుతుంది. ఆ వంపుకి ట్యాంకు అడుగు అద్దం మెలిపడుతుంది, మూల దగ్గర సిలికాన్ వీడుతుంది.

సొంత ఇల్లు, కింద నేల మీద వేసిన గచ్చు అయితే ఈ గొడవ చాలావరకు లేదు. అపార్టుమెంటు అయితే, స్టిల్ట్ పార్కింగ్ ఉన్న చోట మొదటి అంతస్తు కూడా స్లాబేనని మర్చిపోవద్దు. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగు తీసుకుని, బీము మీద, పిల్లరుకి దగ్గరగా, గోడ వారగా పడేటట్టు చూసి, ఒకసారి స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. ఆ ఫీజు చేప ధర కన్నా ఎక్కువే కావచ్చు, ఇవ్వాల్సిందే. బాల్కనీలో మాత్రం ఎవరు భరోసా ఇచ్చినా పెట్టొద్దు. అది గోడలోంచి బయటికి చాచిన స్లాబు.

అరోవానాని మన ఊళ్లలో చాలామంది కలిసొస్తుందనే నమ్మకంతో తెస్తారు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలని ఆ మూలే ఎంచుకుంటారు. నమ్మకంతో నాకు పేచీ లేదు. కానీ ఈశాన్యం మూలలో బీము ఉందా, తూర్పు కిటికీ ఎండ నేరుగా ట్యాంకు మీద పడుతుందా అన్నది ముందు చూసుకోవాలి. పొద్దుటెండ రోజూ రెండు గంటలు పడితే అద్దాలు వారానికే పచ్చగా పాచిపడతాయి.

స్టాండుకి 50 బై 50 ఎంఎం, 3 ఎంఎం మందం ఉన్న ఎంఎస్ స్క్వేర్ పైపు. ముందు అయిదు కాళ్లు, వెనక అయిదు కాళ్లు, అంటే రెండడుగులకో కాలు. ప్రతి కాలి కింద ఆరంగుళాల చదరపు, 10 ఎంఎం ఇనుప ప్లేటు వెల్డు చేయించండి. లేకపోతే బరువంతా రెండంగుళాల పైపు అంచు మీద పడి విట్రిఫైడ్ టైలు పగులుతుంది. కాలు వచ్చే చోట ప్రతి టైలునీ రూపాయి బిళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ టైలు కింద సిమెంటు సరిగ్గా పరుచుకోలేదని అర్థం, దాన్ని తీసి మళ్లీ వేయించాలి. స్టాండు మీద 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మోకోల్. నీళ్లమట్టం గొట్టంతో నాలుగు మూలలూ చూసుకోవాలి. ఎనిమిది అడుగుల మీద 3 ఎంఎం తేడా దాటితే మళ్లీ సరిచేయించండి.

అద్దం, మూత

8 అడుగుల ట్యాంకు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. ఇంట్లోనే కట్టించాలి. రెండడుగుల నీళ్లకి 15 ఎంఎం అద్దం. 12 ఎంఎం చాలని చెప్పేవాళ్లుంటారు. ఆ పొడవుకి అది నిలబడినా ముందు అద్దం మధ్యలో ఉబ్బుతుంది, భద్రతకి ఉండాల్సిన మిగులు చాలా తక్కువైపోతుంది. పై అంచు చుట్టూ లోపలివైపు నాలుగైదంగుళాల అద్దం పట్టీలు అతికించాలి. ముందు నుంచి వెనక్కి అడ్డంగా వేసే పట్టీలు ఎన్ని తక్కువైతే అంత మంచిది, ఎగిరినప్పుడు చేప తల తగిలేది వాటికే. ఎసిటిక్ రకం, బూజు మందు కలపని సిలికాన్ వాడాలి. బాత్రూముల కోసం అమ్మే శానిటరీ సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు ఉంటుంది, అది చేపలకి విషం. అద్దానికీ అద్దానికీ మధ్య 2 నుంచి 3 ఎంఎం సిలికాన్ ఉండేటట్టు స్పేసర్లు పెట్టి అతకాలి. గట్టిగా నొక్కేసి జిగురంతా బయటికి పిండేయడం మేస్త్రీలకి అలవాటు, అలా చేయనివ్వొద్దు. వారం నుంచి పది రోజులు ఆరనిచ్చి, తర్వాత నిండా నీళ్లు పట్టి రెండు రోజులు వదిలేయండి. పైపుల కోసం బెజ్జాలు వేయాలంటే మామూలు అద్దానికే కుదురుతుంది. టఫెన్ చేసిన అద్దానికి డ్రిల్లు పెడితే మొత్తం పొడైపోతుంది.

మూత గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంట్లో పెంచే అరోవానాలు ఎక్కువగా చచ్చిపోయేది నేల మీద పడే. తన ఒంటి పొడవుకి రెట్టింపు ఎత్తు ఎగరగల చేపకి పల్చటి ప్లాస్టిక్ షీటు అడ్డమే కాదు. 3 ఎంఎం ఆక్రిలిక్ వారంలో ఆవిరికి వంగి మూలలు లేస్తుంది. 6 ఎంఎం అద్దం ముక్కలుగా కోయించి, అంచులు రుద్దించి, కింది పట్టీ మీద కూర్చునేలా చేసి, పైన క్లిప్పులో బరువో పెట్టాలి. వైర్లు దిగే సందు, ఓవర్‌ఫ్లో బాక్సు (నీళ్లు కింది ఫిల్టరుకి దిగే అర) పైన ఉండే సందు, మేత వేసే తలుపు, ఈ మూడు చోట్లే చేప బయటికొచ్చేది. పిల్ల చేప అయితే రెండు వేళ్ల సందు చాలు దూరడానికి. నీటికీ మూతకీ మధ్య ఆరంగుళాలు ఖాళీ ఉంటే మేత కోసం ఎగిరినా తలకి పెద్ద దెబ్బ తగలదు. కొత్తగా తెచ్చిన మొదటి మూడు నాలుగు వారాలు, ఇంకా రాత్రిపూట ఉన్నట్టుండి లైటు వేసినప్పుడు, ఎక్కువగా ఎగురుతుంది. హాల్లో లైటు ఆర్పేశాక ట్యాంకు పైన ఒక జీరో బల్బు వెలుగు ఉంచితే బెదురు తగ్గుతుంది.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది

ఈ సైజు ట్యాంకుకి కింద పెట్టే ఫిల్టరు ట్యాంకే దారి. దీన్ని అందరూ సంప్ అంటారు. పై ట్యాంకులో నీళ్లు అంచు దాటి పైపుల్లోంచి దానంతటదే కిందికి దిగుతాయి, అక్కడ స్పాంజిలు, మీడియా (బాక్టీరియా పెరిగే రింగుల్లాంటివి) దాటుకుని, చివరి అరలో ఉన్న పంపు వాటిని పైకి తోస్తుంది. గంటకి నీళ్లన్నీ అయిదుసార్లు తిరగాలి, అంటే 7,000 లీటర్లు. అయిదడుగుల ఎత్తుకి ఎక్కించేసరికి పంపు బలం తగ్గిపోతుంది కాబట్టి డబ్బా మీద 10,000 రాసి ఉన్న పంపు తీసుకోండి. కిందికి దిగడానికి 40 ఎంఎం పైపులు రెండు. వాటి పక్కనే మూడోది, అంగుళం ఎత్తులో, ఎప్పుడూ పొడిగా ఉండేది. మొదటి రెండింటిలో చెత్త అడ్డం పడిన రోజున హాలుని కాపాడేది ఆ మూడోదే.

చాలామంది ఇళ్లు తడిసేది ఇక్కడ వేయని ఒక చిన్న లెక్క వల్ల. 8 బై 3 ట్యాంకులో ఒక్క అంగుళం నీటిమట్టం అంటే 57 లీటర్లు. పంపు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచుకి పైనున్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి, సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం. అంటే 60 నుంచి 85 లీటర్లు. అది సరే. కానీ నీళ్లని పైకి తెచ్చే పైపు కొస పై ట్యాంకులో నాలుగంగుళాలు మునిగి ఉంటే, పంపు ఆగిన క్షణం నుంచి అదే పైపు సైఫనై వెనక్కి లాగుతుంది. ఆ కొస గాల్లోకి తేలేదాకా ఆగదు. నాలుగంగుళాలంటే 225 లీటర్లు. 4 బై ఒకటిన్నర బై ఒకటిన్నర అడుగుల సంప్‌లో అడుగు మేర నీళ్లుంటే మిగిలే ఖాళీ 85 లీటర్లే. మిగతా 140 లీటర్లు సోఫా కిందికి పోతాయి. అందుకే పైపు కొసని నీటిమట్టానికి అంగుళం లోపే ఉంచాలి, నీటి ఉపరితలానికి కాస్త కింద ఆ పైపుకి 4 ఎంఎం బెజ్జం ఒకటి వేయాలి, గాలి దూరి సైఫన్ తెగడానికి. ఆ బెజ్జం పాచితో మూసుకుపోతుంది, నెలకోసారి పుల్లతో పొడవండి. సంప్ కూడా 5 బై 2 బై ఒకటిన్నర అడుగులది పెడితే 140 లీటర్ల ఖాళీ దొరుకుతుంది. అన్నీ బిగించాక చేప లేకముందే ప్లగ్గు పీకి చూడండి. పది నిమిషాల్లో నీళ్లు ఎక్కడ ఆగాయో కనబడుతుంది. మార్కరుతో గీత పెట్టుకోండి.

కరెంటు పోతే రెండో నష్టం గాలిది. కొర్రమీనులాగా పైగాలి పీల్చి గడిపేసే చేప కాదు ఇది, నీళ్లలోని ఆక్సిజన్ మీదే బతకాలి. ఇంటి ఇన్వర్టరుకి పంపు తగిలించకపోయినా పర్లేదు, 15, 20 వాట్ల ఎయిర్ పంపు ఒకటి తప్పనిసరిగా తగిలించండి, రెండు ఎయిర్ స్టోన్లతో. ఒకటి పై ట్యాంకులో, రెండోది సంప్‌లో మీడియా కింద. మీడియా మీద ఉండే బాక్టీరియాకి కూడా గాలి కావాలి. డబ్బా తరహా క్యానిస్టర్ ఫిల్టర్లు నేను వద్దనేది అందుకే: మూత బిగించిన డబ్బాలో నీళ్లు ఆరేడు గంటలు కదలకుండా ఉంటే లోపల కుళ్లిపోతాయి, కరెంటు రాగానే ఆ మురుగంతా ట్యాంకులోకి కక్కుతుంది.

ఖర్చు విషయానికొస్తే, 90 వాట్ల పంపు, 20 వాట్ల ఎయిర్ పంపు రోజంతా, 60 వాట్ల లైట్లు ఎనిమిది గంటలు వేసుకుంటే రోజుకి మూడు యూనిట్ల పైన, నెలకి వంద యూనిట్ల దాకా. ఇంటి కరెంటు బిల్లు ఎక్కువ రేటు స్లాబులోకి ఎగబాకుతుందని ముందే అనుకోవాలి.

నీళ్లు

ట్యాంకు సిద్ధమయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు చేప లేకుండా నడపాలి. ఈ మాటకి చాలామంది నిరాశపడతారు, కానీ దీనికి అడ్డదారి లేదు. చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మీడియా మీద పెరగడానికి ఆ సమయం పడుతుంది. సంప్‌లో 40, 50 లీటర్ల సిరామిక్ రింగులో, తేలే ప్లాస్టిక్ మీడియానో వేసి, అమ్మోనియం క్లోరైడ్, అదే నవాసాగరం, ల్యాబ్ రకానిది 10 గ్రాములు కరిగించి పోయండి. మొత్తం 1,500 లీటర్లకి అది సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా అవుతుంది. టెస్ట్ కిట్‌తో చూస్తూ, అయిపోయినప్పుడల్లా మళ్లీ అంతే వేయండి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే ట్యాంకు తయారైనట్టు. నడుస్తున్న పాత ట్యాంకులోంచి ఒక స్పాంజి పిండి పోస్తే ఇంకా త్వరగా అవుతుంది.

మన బోరు నీళ్లకి పీహెచ్ చాలా చోట్ల 7.5 నుంచి 8 దాకా ఉంటుంది. అమ్మోనియా విషయంలో దీని ప్రభావం పెద్దది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం ఒక శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. కిట్‌లో అదే రంగు కనబడినా మన నీళ్లలో ప్రమాదం తొమ్మిది పది రెట్లన్నమాట. అరోవానా సొంత నీళ్లు మెత్తనివి, కాస్త ఆమ్లంగా ఉండేవి. నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్కే టీడీఎస్; ఫారాల్లో పుట్టి వచ్చిన పిల్లలు 300, 400 టీడీఎస్‌కి అలవాటు పడతాయి. 800, 1,000 టీడీఎస్ బోరు ఉన్న ఇళ్లలో మున్సిపల్ నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో సగానికి సగం కలపడం మేలు. అంకె కన్నా నిలకడ ముఖ్యం, ఈ వారం కృష్ణా నీళ్లు, వచ్చే వారం బోరు నీళ్లు అన్నట్టు మార్చొద్దు.

వారానికి 400 నుంచి 500 లీటర్లు మార్చాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. 1 పీపీఎం క్లోరిన్ ఉన్న 500 లీటర్లకి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 4 నుంచి 5 గ్రాములు చాలు. తొలకరి వానల్లో, వరదలప్పుడు సరఫరాలో క్లోరిన్ మోతాదు పెంచుతారు, ఆ రోజుల్లో క్లోరిన్ కిట్‌తో చూడకుండా మార్చొద్దు. తీసిన నీళ్లు పెరటి మొక్కలకి పోయండి, నైట్రేట్ ఉంటుంది కాబట్టి బాగా ఎదుగుతాయి.

ఎండాకాలంలో ఇంకో ప్రమాదం మిద్దె మీది నల్ల ట్యాంకు. మే నెల మధ్యాహ్నం దాంట్లో నీళ్లు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. అవి 500 లీటర్లు ఒక్కసారిగా పెడితే చేపకి అదే ఆఖరు. ఎండాకాలం నీళ్లు మార్చడం తెల్లవారుజామునే. ట్యాంకు నీళ్లు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 28 దగ్గర లీటరు నీళ్లలో 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 34 దగ్గర 7.1 మాత్రమే. ఆ వేడికి చేపకి ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. మొప్పల మూతల మెత్తటి అంచు బయటికి చుట్టుకుపోవడం మొదలయ్యేది ఎక్కువగా ఇలాంటి రోజుల్లోనే. తొలి దశలో గమనించి నీళ్లు ఎక్కువగా మార్చి, గాలి బాగా కొట్టిస్తే వెనక్కి సర్దుకుంటుంది. బాగా ముదిరితే చేపల డాక్టరు మత్తిచ్చి ఆ అంచు కత్తిరించాల్సిందే. సంప్ మీదికి ఒక టేబుల్ ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. దాంతో నీళ్లు ఎక్కువగా ఆవిరవుతాయి. ఆ లోటు బోరు నీళ్లతో పూడిస్తే ఉప్పులు పేరుకుని టీడీఎస్ నెలనెలా పెరుగుతుంది, ఆర్‌ఓ నీళ్లతోనే పూడ్చండి. హైదరాబాద్ డిసెంబరు రాత్రులకి 300 వాట్ల హీటర్లు రెండు కావాలి. సంప్‌లోనే పెట్టండి, పైన పెడితే తోకదెబ్బకి గాజు పగిలి కరెంటు పాస్ అవుతుంది.

మేత, తోడు

బతికిన గోల్డ్‌ఫిష్‌లు వేసి ఎగబడి తినడం చూపించే అలవాటు మానేయాలి. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది విటమిన్ బి1ని చంపేస్తుంది. పైగా అవి తెచ్చే పురుగులు, తెల్లమచ్చలు ఉచితం. కోడి గుండెకాయ, మటన్ ముక్కల కొవ్వు చేప ఒంట్లో అరగదు, కళ్ల వెనక, కాలేయం మీద పేరుకుంటుంది. మన దగ్గర మంచి మేత రొయ్య. ఫ్రీజరులో గడ్డకట్టించి, కరగబెట్టి, తల మీది ముల్లు, తోక మధ్య ముల్లు తుంచేసి, పొట్టుతోనే వేయండి. ఆ ముల్లు గొంతులో గుచ్చుకుంటే వారాల తరబడి తినదు. దాంతో పాటు తేలే పెల్లెట్లు చిన్నప్పుడే అలవాటు చేయాలి, పెద్దయ్యాక మొండికేస్తుంది. వారానికి రెండుసార్లు కీచురాళ్లు వేస్తే తనకి సహజమైన తిండి. పిల్లకి రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెం. రెండు కేజీల పెద్ద చేపకి రోజుకి 20, 30 గ్రాములు, వారంలో ఒకట్రెండు రోజులు పస్తు.

ఒక కన్ను కిందికి వాలిపోవడం వెండి అరోవానాల్లో బాగా కనిపించే లోపం. కొవ్వు మేత, అడుగున పడిన మేత కోసం కిందికే చూడటం, అద్దానికి గుద్దుకోవడం, ఈ మూడింటినీ తగ్గించడమే మన చేతిలో ఉన్నది. ట్యాంకు మూడు పక్కలా కింది సగం ముదురు రంగు షీటు అంటిస్తే దాని చూపు పైనే ఉంటుంది. అడుగున గులకరాళ్లు, మొనదేలిన కర్రలు వద్దు.

పాచి తింటుందని సక్కర్ చేపని జత చేసి అమ్ముతారు. రాత్రిపూట అది అరోవానా పక్కల అంటుకుని ఒంటి జిగురు నాకేస్తుంది, అక్కడ పొలుసు ఊడి పుండు పడుతుంది. తోడు కావాలంటే సిల్వర్ డాలర్ చేపలు అయిదారు, అరచేతంత సైజువి. నోట్లో పట్టే ఏ చేపైనా మేతే.

చేపని ఎంచుకోవడం, వదిలించుకోవడం

పొట్ట కింద ఎర్రటి పచ్చసొన సంచి వేలాడుతున్న పిల్లల్ని కొనొద్దు. మగ అరోవానా గుడ్లనీ పిల్లల్నీ దాదాపు రెండు నెలలు నోట్లోనే పెట్టుకుని కాస్తుంది. అమెజాన్‌లో ఆ పిల్లల కోసం తండ్రి చేపని చంపి నోరు తెరిచి తీసే వేట జరుగుతోంది. సంచి ఉన్న పిల్ల ఎంత తొందరగా అమ్ముడుపోతే ఆ వేటకి అంత గిరాకీ. ఫారంలో పుట్టిందని నమ్మకంగా చెప్పగలిగిన చోట, అయిదారంగుళాలు పెరిగి పెల్లెట్లు తింటున్న పిల్లని తీసుకోండి. మీ కళ్లముందే తినాలి. రెండు మీసాలూ నిటారుగా, రెండు మొప్పల మూతలూ ఒంటికి అతుక్కుని, రెండు కళ్లూ ఒకే తీరున ఉండాలి.

ఎర్ర, బంగారు రంగుల ఆసియా అరోవానా దారి వేరు. అది సైటిస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి రక్షణ చట్టం నాలుగో షెడ్యూలు కిందికి వస్తుంది, ఇంట్లో ఉంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మైక్రోచిప్పు, దాని సర్టిఫికెట్ లేకుండా అమ్మజూపితే ధర ఎంత తక్కువైనా వద్దు.

ఇల్లు మారినా, పెంచలేకపోయినా చెరువులో మాత్రం వదలొద్దు. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అరపైమాలు దొరికాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ బయటపడింది. రెండూ పెంపుడు చేపల వ్యాపారంలో తిరిగేవే. మన దగ్గర దెయ్యం చేప అని పేరుపడిన సక్కర్ చేప చెరువుల్లో, కాలువల్లో వలలు చించేస్తూ జాలర్ల పొట్ట కొడుతోంది, అదీ ట్యాంకుల్లోంచి వెళ్లిందే. పెద్ద ట్యాంకు ఉన్న మరొకరికి ఇవ్వాలి, లేదా కొన్న షాపుకే తిరిగివ్వాలి. వెనక్కి తీసుకుంటామని కొనేటప్పుడే మాట తీసుకోండి.

మూడడుగుల వెడల్పు కుదరని ఇంట్లో వేటాడే చేపే కావాలంటే ఆస్కార్ ఉంది. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకులో ఒక్కటే పెంచితే హాయిగా ఉంటుంది. అడుగు దాకా పెరుగుతుంది, మనిషిని గుర్తుపడుతుంది, చేతిలోంచి రొయ్య అందుకుంటుంది. లేదంటే మన వాగుల్లోనే ఉండే చిన్న జాతి కొర్రమీను, చన్నా గాచువా: జానెడు దాటి పెద్దగా పెరగదు, 3 అడుగుల ట్యాంకు సరిపోతుంది. దానికీ మూత గట్టిగానే బిగించాలి.